నల్లా గుంతలో దొరకనిది

నీళ్లలో వైరస్‌ను నేను ఒక్కసారి కూడా పట్టుకోలేదు. ఈ మాట మొదట్లోనే చెప్పేస్తే మీకూ నాకూ నయం. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నీళ్ల ల్యాబుల్లో సర్వీసంతా గడిపి రిటైరైన మనిషిని కదా అని, కొత్తగా ఉద్యోగంలో చేరిన మీలాంటి పిల్లలు ఫోన్ చేస్తుంటారు. "మేడం, నీళ్లల్ల వైరస్ ఉంటే మనకెట్ల తెలుస్తది?" అని అడుగుతారు. తెలియదు నాయనా. తెలిసినట్టు ముఖం పెట్టడం మాత్రం కొంత తెలుసు. దానికే మాకు జీతం ఇచ్చారేమో అని ఒక్కోసారి అనుమానం కూడా వస్తుంది.

ప్రమోషన్ల గురించి, బదిలీల గురించి రాయను. అవి నాకు గుర్తున్నంత బాగా మా ఆఫీసు బీరువాలకు గుర్తుంటాయి. ఒక ఎండాకాలం సంగతి రాస్తాను. అది నాకు అప్పుడూ సరిగా అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. అర్థమైన కేసులు ఎవరైనా చెబుతారు, ట్రైనింగులో బొమ్మలు వేసి మరీ చెబుతారు.

నల్లబడే సీసా

మా బాపు, అంటే నాన్న, మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. "రోగం సంగతి డాక్టరుకు ఎరుక, మందు సంగతి నాకు ఎరుక, మిగిలింది దేవునికి ఎరుక" అనేవాడు. ల్యాబులో చేరాక ఆ మిగిలింది ఎంత ఎక్కువో తెలిసింది.

మొదటి పోస్టింగు ఆసిఫాబాద్ వైపు. ఒక గూడెంలో ఊరంతా వాంతులు, విరేచనాలు. వాగు ఒడ్డున చెలిమె తోడుకుని ఆ నీళ్లే తాగుతున్నారు. మందు పొడి ఉన్న సీసాలో ఆ నీళ్లు పోసి మూత పెట్టాను. మర్నాటికి సీసా బొగ్గులా నల్లబడింది. చెలిమె మూయించాం, బోరింగు బాగు చేయించాం, క్లోరిన్ కలిపించాం. వారం తిరిగేసరికి గూడెం కుదుటపడింది. ఉద్యోగం అంటే ఇంతే కదా అనుకున్నాను. ఆ గర్వం నాకు చాలా ఏళ్లు ఉంది.

ఆ సీసాకు తెలిసింది బ్యాక్టీరియా ఒక్కటే. మనిషి మలంలో ఉండే బ్యాక్టీరియా నీళ్లలో చేరితే నల్లబడుతుంది. చేరకపోతే నల్లబడదు. నల్లబడకపోతే మనం కాగితం మీద "తాగవచ్చు" అని రాస్తాం. వైరస్ సంగతి ఆ సీసాకు తెలియదు. బ్యాక్టీరియాను చంపడానికి సరిపోయిన క్లోరిన్ వైరస్‌కు సరిపోకపోవచ్చు. అప్పుడు సీసా తెల్లగానే ఉంటుంది, వైరస్ బతికే ఉంటుంది, మన సంతకం కింద స్టాంపు కూడా ఉంటుంది.

ఇంకో చిక్కు ఉంది. నీళ్ల వల్ల వచ్చే కామెర్లు నీళ్లు తాగిన రోజునే రావు. నెల పట్టొచ్చు, అంతకన్నా ఎక్కువే పట్టొచ్చు. కళ్లు పచ్చబడ్డాయని కబురు అందాక మనం పరుగెత్తి పట్టుకొచ్చేవి ఇవాళ్టి నీళ్లు. ఆ మనిషిని పడగొట్టిన నీళ్లు ఎప్పుడో మానేరులోనో గోదావరిలోనో కలిసిపోయి ఉంటాయి. దొంగతనం జరిగిన నెలకు వెళ్లి, ఇంట్లో దొంగ లేడని రాసి రావడం లాంటిది మన పని.

మంచి నల్లా ఉన్న ఇల్లు

ఊరి పేరు రాయను. కరీంనగర్ నుంచి బస్సులో వెళ్లి రాగల చేనేత ఊరు. వాడ వాడంతా సాంచాల మోత. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. ఎండాకాలం మొదట్లో సాంచాల మీద పనిచేసే ఇద్దరికి కామెర్లు వచ్చాయి. తర్వాత వాళ్ల పక్కిళ్లలో, తర్వాత ఆ వాడంతా. పెద్దాసుపత్రిలో రక్తం పరీక్ష చేస్తే హెపటైటిస్-ఇ అని తేలింది. అది వచ్చేది నీళ్ల వల్లే. మా సీసాలు చూస్తే ఒక్కటీ నల్లబడలేదు. క్లోరిన్ చూస్తే సరిగ్గా ఉంది. పుస్తకం నీళ్లదే తప్పంటుంది, నీళ్లేమో మంచి నడవడిక సర్టిఫికెట్టు చేతిలో పెట్టుకుని నిలబడ్డాయి.

మా పై అధికారి నరహరి సార్. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు ఇది రాయడం తేలికయ్యేది. ఆయనకు ఒక మాట ఊతపదం. "సరోజమ్మా, కాయితం మీద లేంది నీళ్లల్ల లేనట్టే లెక్క" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. కానీ కాగితం లేకుండా నోటిమాట మీద నీళ్లు ఆపేస్తే, రేపు ప్రతి కౌన్సిలరూ తన నోటిమాట మీద నీళ్లు వదలమంటాడు. అదీ నిజమే.

సాంపిల్ పట్టే అతనితో కలిసి నేనే వెళ్లాను. పట్టే పద్ధతి మీకు నేర్పే ఉంటారు, నేనూ ఎంతోమందికి నేర్పాను. కారకుండా శుభ్రంగా ఉన్న లోహపు నల్లా చూసుకోవాలి. కాసేపు నీళ్లు వదిలేయాలి. స్పిరిట్‌లో ముంచిన దూది అంటించి నల్లా మూతి కాల్చాలి. అప్పుడే సీసా పట్టాలి. మా మనిషి ఆ వాడ మొదట్లో ఉన్న ఒక డాబా ఇంటికి నన్ను తీసుకెళ్లాడు. ఇత్తడి నల్లా తళతళలాడుతోంది. ఆ ఇంటావిడ మమ్మల్ని చూడగానే చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

"ఎప్పుడూ ఈడనే పడ్తవా?" అని అడిగాను.

"ఈడనే మేడం. లోపట వాడల నల్లాలు లేవు" అన్నాడు.

నల్లాలు లేకుండా అన్ని ఇళ్లు ఏం తాగుతున్నాయో అర్థం కాక లోపలికి నడిచాను. ప్రతి ఇంటి ముందూ మోకాలి లోతు గుంత. వాడ చివరి దాకా నీళ్లు ఎక్కే బలం లేక, పైపును నేలలోకి దించి కోసి, గుంతలో కడవ పెట్టి పట్టుకుంటున్నారు. కోసిన ప్లాస్టిక్ పైపుకు మూత కూడా లేదు. నీళ్లు రానప్పుడు ఆ గుంతలోకి అంట్లు కడిగిన నీళ్లు చేరతాయి, పక్కన మురుగు మోరీ నిండితే అదీ చేరుతుంది. సరఫరా ఆగి పైపు ఖాళీ అయ్యేటప్పుడు గుంతలో ఉన్నదాన్ని లోపలికి గుంజుకుంటుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు అది మొదటి కడవలోకి వస్తుంది.

కాల్చడానికి నల్లా లేదు కనక మా వాళ్లు గుంతల దగ్గర ఎప్పుడూ సాంపిల్ పట్టలేదు. ప్లాస్టిక్ పైపు కాలిస్తే కరిగిపోతుంది. రూలు ప్రకారం మంచి నల్లా వెతుక్కున్నారు. మంచి నల్లా ఉన్న చోట మంచి నీళ్లే దొరికాయి. ఎవరూ తప్పు చేయలేదు, అందరూ రూలు పాటించారు, వాడంతా పచ్చబడింది. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

మీకొక మాట. రూలు ప్రకారం ఒక సీసా పట్టండి, బుద్ధి ప్రకారం ఇంకో సీసా పట్టండి. రెండోది చెల్లదని అంటారు. అననివ్వండి.

తల్లిగారిల్లు

బుద్ధి ప్రకారం పట్టడానికి నర్సవ్వ అనే ఆవిడ ఇంటి ముందు ఆగాను. ఆమె అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతోంది. భర్త సాంచాలు నడుపుతాడు. గుంతలోని పైపు కింద రెండు సీసాలు నింపుకుని లేచేసరికి, లోపలినుంచి ఒక పిల్ల చెంబుతో నీళ్లు తాగుతూ గడపలోకి వచ్చింది. నిండు గర్భిణి.

ఈ కామెర్లు మామూలు మనుషులను కొన్నాళ్లు పడుకోబెట్టి వదిలేస్తాయి. నెలలు నిండుతున్న ఆడదానికి వస్తే అలా కాదు. తల్లి ప్రాణమూ బిడ్డ ప్రాణమూ రెండూ పోవచ్చు.

"మా బిడ్డ శిరీష. పెద్దపల్లి దిక్కు ఇచ్చినం. శ్రీమంతం చేసి తోలుకొచ్చుకున్న, తొలి కాన్పు" అంది నర్సవ్వ ముఖం విప్పార్చుకుని.

"నర్సవ్వా, నా మాట ఇను. పిల్లను అత్తగారింటికి తోలియ్యి. రేపే" అన్నాను.

ఆమె చేతిలో ఆకు ఆగిపోయింది. "తొలి కాన్పు తల్లిగారింట్ల గాకుంట యాడ జేస్తరు మేడం? మళ్ల తోలిచ్చిన అంటే నలుగురు ఏమంటరు? కడుపుతోని ఉన్న పిల్లకు బువ్వ పెట్టలేక ఎల్లగొట్టిండ్రు అంటరు."

"ఈ నీళ్లు మంచియి గావు."

"మంచియి గావని మీ పరీక్షల వచ్చిందా?"

"రాలే" అన్నాను.

"మొన్ననే మైకుల చెప్పిరి, నీళ్లు పరీక్ష చేసినం, ఏం లేదు, ఫికర్ చెయ్యకుండ్రి అని. గది మీరు ఇచ్చిన కాయితమే గద?"

మేం ఇచ్చిన కాగితమే. కాచి తాగించమని చెప్పాను. శిరీష నవ్వింది. "ఎండల కాచిన నీళ్లు ఎట్ల తాగబుద్ధైతది మేడం? కడవ నీళ్లు తాగితెనే పాణం సల్లగైతది" అంది. కాచిన నీళ్లే తాగినా, పుక్కిలించడం గుంత నీళ్లతోనే, అంట్లు కడగడం గుంత నీళ్లతోనే. నా దగ్గర చూపడానికి ఏమీ లేదు. నల్లబడిన సీసా లేదు, రిపోర్టు లేదు. బతిమాలడం ఒక్కటే ఉంది. బతిమాలాను. సర్వీసులో ఇంకెవరినీ అంతగా బతిమాలలేదు.

రెండు రోజుల తర్వాత నర్సవ్వ బిడ్డను బస్సెక్కించింది. అత్తగారింట్లో ఏదో ఫంక్షన్ ఉందని వాడలో చెప్పిందట. కొత్త చీర కట్టించి పంపింది, అబద్ధం నిజంలా కనబడాలి కదా.

మోటరు కాలిపోయింది

గుంతలో పట్టిన రెండు సీసాల్లో ఒకటి నల్లబడింది, ఒకటి నల్లబడలేదు. ఒకే గుంత, ఒకే చెయ్యి, ఒకే గడియ. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో ఇవాళ్టికీ ఎవరూ నాకు చెప్పలేదు. నల్లబడిన సీసా నరహరి సార్ బల్ల మీద పెట్టాను.

"రూలు ప్రకారం పట్టలేవు. చెల్లదు" అన్నారు.

"ఆ లైను బంద్ పెట్టాలె సార్."

"ఏ కాయితం చూపెట్టి బంద్ పెట్టాలె? నువ్వే చెప్పు."

ఆ వాడ నీళ్లను పెద్ద డ్రమ్ముల కొద్దీ వడకట్టి, ఆ వడపోతను ఐసులో పెట్టి హైదరాబాదు పంపించాను, వైరస్ పరీక్షకు. కరోనా అప్పుడు ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్ష లాంటిదే, కాకపోతే ఇక్కడ ముక్కు బదులు వాడంత పైపు. జవాబు రావడానికి రోజులు పడుతుందన్నారు.

మర్నాడు పొద్దున సార్ నా ముందే లైన్‌మన్‌కు ఫోన్ చేశారు. "ఆ వాడకు పోయే లైను బంద్ పెట్టు. ఎవలన్న అడిగితే మోటరు కాలిపోయిందని చెప్పు. ట్యాంకర్లు తోలు, బ్లీచింగు జర ఎక్కువ కలపమను" అన్నారు. నా వైపు చూడలేదు. జీవితమంతా కాగితాన్ని నమ్ముకున్న మనిషి, కాగితం లేని మంచి పనిని అబద్ధం చాటున చేశారు. ఆయనను మెచ్చుకోవాలో, నిజం చెప్పి ఆపి ఉంటే బాగుండేదని అనాలో నేను తేల్చుకోలేకపోయాను. నిజం చెప్పి ఉంటే వాడ వాళ్లు గుంతలకు భయపడేవాళ్లు. మోటరు కాలిపోయిందంటే మోటరు కోసం ఎదురుచూశారు.

లైను ఆపాక కామెర్లు తగ్గాలి. పెరిగాయి. ముందు తాగిన నీళ్లు ఇప్పుడు బయటపడుతున్నాయని నాకు తెలుసు, పుస్తకంలో ఉంది. తెలిసినా, ఇంటింటికీ పచ్చబడుతున్న కళ్లు చూస్తుంటే పుస్తకం మీద నమ్మకం జారిపోయింది. ట్యాంకర్ నీళ్లవల్లే వస్తున్నాయని వాడంతా ఒకటే మాట. ఒకాయన ట్యాంకర్‌కు అడ్డం నిలబడి, "నల్లా నీళ్లు తాగినన్ని దినాలు మంచిగనే ఉంటిమి. మీరొచ్చినంకనే పరేషాన్ మొదలైంది" అన్నాడు. ఆయన లెక్కలో తప్పు చూపించడం నాకు చేతకాలేదు. దొంగచాటుగా ట్యాంకర్ నీళ్లు నేనే మళ్లీ మళ్లీ పరీక్ష చేసుకున్నాను, ఎక్కడ మేమే ఊరిని ముంచామో అని.

నర్సవ్వకు కూడా కామెర్లు వచ్చాయి. ఆసుపత్రికి వెళ్లమంటే పసరు మందు మింగి, చప్పిడి బువ్వ తిని, మూల పడుకుంది. ఆమె పడుకుని ఉండగానే పెద్దపల్లి దిక్కు నుంచి ఫోన్ వచ్చింది. శిరీష కళ్లు పచ్చబడ్డాయి.

కరీంనగర్‌లో ఆసుపత్రిలో చేర్చారు. నేనూ వెళ్లాను. పిల్ల రెండు రోజులు ఎవరినీ గుర్తుపట్టలేదు. తర్వాత కళ్లు తెరిచింది, బతికింది. కడుపులో ఆడపిల్ల బతకలేదు. ఆసుపత్రి వరండాలో ఒక బల్ల మీద కూర్చుని నేను ఏడ్చాను. ఎవరి తరఫున ఏడుస్తున్నానో కూడా తెలియలేదు.

హైదరాబాదు జవాబు

హైదరాబాదు నుంచి రిపోర్టు వచ్చింది. "వైరస్ కనబడలేదు." అంతే. మేం పంపిన నాటికి పైపులో లేదేమో, దారిలో ఐసు కరిగిందేమో, నిజంగానే ఎప్పుడూ లేదేమో. మూడింట్లో ఏదని అడిగే వీలు ఆ కాగితంలో లేదు.

దాన్ని సంచిలో పెట్టుకుని నర్సవ్వ దగ్గరికి వెళ్లాను. అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్లలో పచ్చదనం ఇంకా పోలేదు.

"నీ మాట ఇని తోలిచ్చిన. అత్తగారింట్ల ఏం నీళ్లు తాగిందో ఏమో. నా తాన్నే ఉంచుకుంటే బతుకుతుండెనేమో నా మనుమరాలు" అంది.

సంచి ఒళ్లో పెట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాను.

"మా నీళ్లల్ల ఏమన్న దొరికిందా మేడం?"

సంచిలో ఉన్న కాగితం తీసి ఇస్తే సరిపోయేది. దొరకలేదు, నీ తప్పేం లేదు, నీ నీళ్ల తప్పేం లేదు అంటే ఆమెకు కాస్త ఊరట. నా ఉద్యోగానికీ అదే సరైన జవాబు. కానీ కొత్త పైపు పడకముందే లైను మళ్లీ వదులుతారు, మళ్లీ ఆ గుంతే, ఆ కడవే. ఎదురింట్లో ఇంకో కోడలికి మూడో నెల అని అప్పుడే విన్నాను.

"దొరకలే. గని మీ నీళ్లదే అనుకుంటున్న నర్సవ్వా. ఈడ ఉన్నప్పుడు తాగిన నీళ్లది. ఆడికి పోయినంక బయటపడ్డది" అన్నాను.

"నా చేత్తోని ముంచి ఇచ్చిన నీళ్లు" అంది. తర్వాత, "నీళ్లు మంచియే అని కాయితం ఇచ్చింది నువ్వే. మంచియి గావని నోటితోని చెప్పేది నువ్వే. ఎవలను నమ్మాలె నేను?" అంది.

లేచి వచ్చేశాను. మీ నీళ్లదే అన్న మాట నేను అని ఉండాల్సింది కాదని కొందరన్నారు, నరహరి సార్ కూడా అన్నారు. ఆ వారంలోనే నర్సవ్వ తన గుంత తానే మట్టి పోసి పూడ్చేసిందని, వీధి మొదట్లో డాబా ఇంటి నుంచి నీళ్లు మోసుకుంటోందని తెలిసింది. ఆమెను చూసి ఎదురింటి వాళ్లూ పూడ్చారు. అయినా, ఆమె మనసులో నేను దింపిన బరువు గుంతతో పాటు పూడుకుపోయేది కాదు. సరైన పని చేశానా అంటే ఇప్పటికీ ఒకరోజు అవునంటాను, ఒకరోజు కాదంటాను.

ఒక గ్లాసు నీళ్లు

తర్వాత ఆ వాడకు కొత్త పైపులు పడ్డాయి. నేలకు పైన నిజమైన నల్లాలు వచ్చాయి. కామెర్లు ఆగాయి. మేం చేసిన దానివల్ల ఆగాయో, సోకాల్సిన వాళ్లందరికీ సోకిపోయి ఆగాయో తెలియదు. నేను రిటైర్ కావడానికి కొన్ని నెలల ముందు నర్సవ్వ ఫోన్ చేసింది. ఆ రోజు తర్వాత ఆమె గొంతు వినడం అదే.

"శిరీషకు మళ్ల నెలలు పడ్డయి మేడం. మలి కాన్పు అత్తగారింట్ల చెయ్యాలె, ఎరుకే. గని పిల్ల నా దగ్గరికే వస్తా అంటుంది. తోలుకొచ్చుకోవచ్చునా?"

వెళ్లి వాడంతా తిరిగి సీసాలు పట్టాను. డాబా ఇంట్లో పట్టాను, చివరి ఇంట్లో పట్టాను, రూలు ప్రకారం పట్టాను, బుద్ధి ప్రకారం పట్టాను. ఒక్కటీ నల్లబడలేదు. ఫలితం చెప్పడానికి నర్సవ్వ ఇంటికి వెళ్లాను.

"అన్ని మంచిగనే వచ్చినయ్. తోలుకొచ్చుకో" అన్నాను.

"గప్పుడు గూడ మంచిగనే వచ్చినయ్" అంది నర్సవ్వ. కోపంగా అనలేదు. లోపలికి వెళ్లి, కొత్త నల్లా తిప్పి, గ్లాసు నిండా పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. "నువ్వు తాగు మేడం. నువ్వు తాగితే తోలుకొచ్చుకుంట."

ఊళ్లకు వెళ్తే మా ల్యాబు వాళ్లం ఎవరి ఇంట్లోనూ నీళ్లు తాగం, మా సీసా మాకుంటుంది. ఆ సీసా ఆ రోజు కూడా నా సంచిలోనే ఉంది. ఒక గ్లాసు తాగి బతికితే అది రుజువు కాదని ఆమెకు చెప్పొచ్చు. కానీ నా సీసాలు కూడా రుజువు కావు. గ్లాసు ఎత్తి తాగాను. అడుగు కనబడేదాకా ఆమె నన్ను చూస్తూనే ఉంది.

మర్నాడే పోయి బిడ్డను తోలుకొచ్చుకుంది. ఆ పిల్ల ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నేను పొద్దున లేవగానే అద్దం ముందు నిలబడి, వేలితో కింది రెప్ప దించి, నా కళ్లు పచ్చబడ్డాయేమో చూసుకునేదాన్ని.